ఏడుపు ఆగిన పావుగంట

సరిహద్దు మంచుకొండ మీది సైనిక పోస్టుకి చేరింది ఫిబ్రవరి రెండో తేదీ, ఉదయం పదకొండు పది. ఎత్తు పద్నాలుగు వేల ఎనిమిది వందల అడుగులు; తమిళనాట మా ఊరు అవినాశిలో టీకొట్టు దగ్గర చెప్పేటప్పుడు ఇరవై వేలు. వీపున ఇరవై ఆరు కిలోల సంచి; టీకొట్టు దగ్గర అది ఒక చిన్న ఎద్దు. చలి సున్నాకి ఇరవై రెండు కింద. కోడిగుడ్డు పగలగొట్టడానికి వంటవాడు సుత్తి వాడేవాడు. నేను తుమ్మితే తుమ్ము గడ్డకట్టి నా బూటు మీదే పడిందని మా వీధిలో ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు.

నేను నర్సింగ్ అసిస్టెంటుని. పదకొండు మంది జవాన్ల కాలివేళ్లు నా పూచీ. మంచుకి వేలు నల్లబడితే కోసేయాల్సిందే. పొద్దున ఆరింటికి, సాయంత్రం నాలుగింటికి నూటపది వేళ్లూ చూసేవాణ్ణి. ఒక్కటీ పోలేదు.

శాటిలైట్ ఫోను మనిషికి వారానికి మూడు నిమిషాలు. పదిహేడో రోజు, పగలు పన్నెండున్నరకి నా వంతు. అమ్మ ఎత్తింది. వెనక నా ఏడు నెలల కూతురు ఏడుస్తోంది. నాకు ముప్పై ఎనిమిదేళ్లకి పుట్టిన ఒక్కగానొక్క పిల్ల.

"పొద్దున్నించీ ఇదే పాటురా. కాళ్లు కడుపుకి లాక్కోని ఏడుస్తాది, మళ్లా సుమ్మా, ఊరికే పడుకుంటాది. పావుగంటకి మళ్లా మొదలు. పాలంతా కక్కేసినాది, ఇప్పుడు పచ్చగా వస్తా ఉంది. కొడల్ ఏట్రం. పక్కవీధి అవ్వ పొట్టకి ఆముదం రాసి తోస్తా ఉంది."

మా పక్క బిడ్డ కక్కి ఏడిస్తే పేగు ఎక్కిందంటారు. అదే కొడల్ ఏట్రం. దానికి ఆస్పత్రికి పోరు. ఆముదం పట్టిన ముసలి చెయ్యి ఉంటే చాలు. చిన్నప్పుడు నా పొట్టనీ ఆ చెయ్యే తోసింది.

ఫోనులో ఏడుపు ఆగింది.

"ఆగిపోయె చూడు," అంది అమ్మ. "ఆస్పత్రికి పోదామని నీ పెండ్లాం పొద్దున్నించీ పీకుతా ఉంది. నువ్వు డాక్టరు గదా, నువ్వే చెప్పు."

మిలిటరీలో డాక్టర్నని ఊరంతా చాటుకున్నది నేనే. "ఆగింది కదమ్మా. సరే, పడుకోనీ," అన్నాను. ఇంకా నలభై సెకన్లు మిగిలాయి. వాటిలో కోడిగుడ్డు, సుత్తి కథ చెప్పాను. అమ్మ బాగా నవ్వింది.

ఇక్కడి నుంచి నేను ఏదీ పెంచి చెప్పను.

మర్నాడు ఎనిమిదిన్నరకి కింది క్యాంపు నుంచి డాక్టరు తనిఖీకి వచ్చాడు. హోదా కెప్టెను, నాకంటే పదేళ్లు చిన్న. బంకర్‌లో టీ తాగుతూ, ఆయన్ని నవ్విద్దామని పక్కవీధి అవ్వ వైద్యం చెప్పాను. ఆయన మగ్గు కింద పెట్టాడు.

"ఏడుపు ఆగి ఆగి వస్తోందా?"

"అవును సాబ్. పావుగంటకోసారి."

"ఆగినప్పుడు ఆడుకుంటోందా, వాడిపోయి పడుకుంటోందా?"

"పడుకుంటోంది."

"పచ్చవాంతి. మలం ఎర్రగా, జెల్లీలా వచ్చిందా?"

"అడగలేదు సాబ్."

"అది వచ్చేదాకా ఆగకూడదు."

ఆయన తాడు మీద ఆరేసిన ఉన్ని మేజోడు తీసి, సగం దాని లోపలికే తోసి నా చేతికిచ్చాడు. "పేగు ఇలా పేగులోకే దూరిపోతుంది. బిగిసినప్పుడు ఏడుపు, వదిలినప్పుడు నిద్ర. నిద్రపోతే తగ్గినట్టు కాదు. స్కాన్ తీస్తే తెలుస్తుంది. తొందరగా వెళ్తే చాలామందికి వెనక నుంచి గాలి పంపి విప్పేస్తారు, కొయ్యనక్కర్లేదు. ఆలస్యమైతే లోపలి పేగుకి నెత్తురు ఆగిపోతుంది. పొట్ట మాత్రం తోయకూడదు. ఫోన్ చెయ్యి, వెంటనే."

బయట మంచు కురుస్తోంది.

"లైను?" అన్నాను.

"లేదు," అన్నాడు రేడియో ఆపరేటరు.

"మళ్లీ చూడు."

"చెయ్యి తియ్యలేదన్నా. చూస్తూనే ఉన్నా."

తొమ్మిది ఐదు నుంచి ఒంటిగంట నలభై దాకా చూశాడు. కలిశాక బామ్మర్ది ఎత్తాడు.

"కోయముత్తూరు పెద్దాస్పత్రిలో ఉండాము బావా. తెల్లారి గుడ్డ తీస్తే ఎర్రగా జెల్లీ మాదిరి ఉండింది. స్కాన్‌లో రింగులో రింగు మాదిరి తెలిసింది. ఆపరేషనుకి తీసుకుపోయినారు. కోసి చూస్తే పేగు నల్లబడిపోయిందంట. నిన్ననే తెచ్చుంటే అని అంటా ఉండారు."

నాలుగింటికి వేళ్లు చూడటానికి కూర్చున్నాను. ఆరో జవాను దగ్గర ఉండగా ఆపరేటరు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. మిగతా ఐదుగురి వేళ్లూ చూశాను. అన్నీ ఉన్నాయి.

మంచు తగ్గి హెలికాప్టరు దొరకడానికి తొమ్మిది రోజులు. ఇల్లు చేరేసరికి పాప పోయి పదకొండు రోజులు. అమ్మ నా మొహం చూడలేదు. నా భార్య తిట్టలేదు, అరవలేదు.

"మీరు సరేనంటిరి గదా మామా," అంది. "అందుకే ఉండిపోతిమి."

నా సంచి దించుతూ, "నేను పంపింది వచ్చిందా?" అని అడిగింది.

వచ్చింది. దారిలో సిగ్నలు దొరికిన మొదటి క్యాంపులో వచ్చింది. ఆ రోజు నేను ఫోను పెట్టేశాక, పాప బాగుందని నాకు చూపించడానికి తీసిన వీడియో. పన్నెండు సెకన్లు. పాప చాప మీద ఉంది. మొహం పాలిపోయి ఉంది. పొట్ట మీద ఆముదం మెరుస్తోంది. "నాయిన చూస్తాడు, నవ్వమ్మా," అంటుంది వాళ్లమ్మ గొంతు. పాప ఫోను వైపు తిరిగి నవ్వబోతుంది. పదో సెకనులో మోకాళ్లు మెల్లగా పైకి లేస్తాయి.