వచ్చిపోయినవాళ్ళే దగ్గరుండాలి

2022 జనవరి. ఉరవకొండ దగ్గర ఒక సబ్‌సెంటర్‌లో ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్ళు తిరిగి టీకాలు వేసే నర్సుగా, అది నా ఆఖరి సంవత్సరం. ఒమిక్రాన్ ఇంటింటా జ్వరం తెస్తోంది. కాలనీలో ఆ ఇళ్ళ గడప ఎవరూ తొక్కడం లేదు. నాగమ్మ ఒక్కతే మాస్కు కూడా లేకుండా గంజి తీసుకుపోతోంది.

నాగమ్మ శనక్కాయ చేలల్లో కూలి చేసుకునే మనిషి. 2021 మేలో డెల్టా సోకి ఆక్సిజన్ మీద ఉండి బతికింది. తర్వాత సెప్టెంబరులో ఒకటి, డిసెంబరులో ఒకటి, రెండు డోసులూ వేయించుకుంది. ఇంట్లో ఆమెతో ఉండేది అత్త హనుమక్క ఒక్కతే. డెబ్బై నాలుగేళ్ళు, ఉబ్బసం. ఆగస్టులో మొదటి డోసు వేయించుకుని, నవంబరులో రెండోదానికి రాలేదు. ఇద్దరూ పడుకునేది ఒకే గది.

మాస్కు ఏదని అడిగితే నాగమ్మ తేలిగ్గా కొట్టిపారేసింది.

"నాకు వచ్చిపోయినాది కదా నర్సమ్మా. అమ్మోరు పోసినోళ్ళే కదా దగ్గరుండేది? నేను పోకుంటే వాళ్ళకు గంజి ఎవురు పోస్తారు?"

మా వైపు ఆటలమ్మ వస్తే ఇదివరకు వచ్చినవాళ్ళే సేవ చేస్తారు. ఒకసారి వచ్చినవారికి అది మళ్ళీ రావడం అరుదు కాబట్టి ఆ ఆచారం చెల్లింది. కరోనాకు చెల్లదు. ఈ వైరస్‌కు స్పైక్ అనే ముల్లు ఉంటుంది, దానితోనే మన కణానికి అతుక్కుంటుంది. కొత్త వేరియంట్‌లో ఆ ముల్లు ఆకారం మారింది. పాత జబ్బు, టీకా కలిసి తయారుచేసిన యాంటీబాడీలకు అది సరిగా చిక్కదు, అందుకే మళ్ళీ సోకుతుంది. అయితే జ్ఞాపకం ఉన్న రక్షణ కణాలు మారని భాగాలను గుర్తుపట్టి, జబ్బు ముదరకుండా చాలావరకు అడ్డుకుంటాయి.

ఇదంతా చెప్పి, "నీకు మళ్ళా రావచ్చు నాగమ్మా. నువ్వు తట్టుకుంటావు. మీ అత్త తట్టుకుంటాదా?" అన్నాను.

ఆమె గిన్నె కింద పెట్టింది. గంజి పోయడం మాత్రం మానలేదు. ఆనాటి నుంచి మాస్కు కట్టింది, ఆ చలిలో గది బయట పంచలో పడుకుంది.

హనుమక్క రెండో డోసుకు ఒప్పుకోలేదు. "సూది ఏసుకున్నోళ్ళకూ వస్తాండాది, ఏసుకోనోళ్ళకూ వస్తాండాది. ఇంగ నాకెందుకు?" అంది. సరైన ప్రశ్నే. రాకుండా ఉండటానికే కాదు, వచ్చినా ఊపిరి ఆడటానికని చెప్పాను. తల తిప్పుకుంది.

నాగమ్మ గుమ్మంలోనే నిలబడి, "అట్లయితే నేను ఇంట్లోనే ఉంటా. గంజి ఏదని అడిగినోళ్ళకు మా అత్త సూదికి భయపడిందని చెప్తా" అంది.

"నా పేరు చెడగొట్టేదానికే వచ్చినావే ఈ ఇంటికి" అంటూ ముసలామె రవిక చేయి పైకి తోసింది.

ఫిబ్రవరిలో నాగమ్మకు జ్వరం వచ్చింది, పరీక్షలో పాజిటివ్. ఈసారి ఆక్సిజన్ అవసరం రాలేదు. వారానికి అత్తకూ దగ్గు పట్టుకుంది. రోజూ వెళ్ళి ఆక్సిమీటర్ పెట్టి చూశాను. ఆక్సిజన్ తొంభై అయిదు కిందికి దిగలేదు. అందులో టీకా పాలు ఎంత, ఒమిక్రాన్ తేలికపాటిది కావడం ఎంత అని ఒక్క ఇంటిని చూసి విడదీసి చెప్పలేను.

నాగమ్మ లెక్కలో తప్పింది వైరస్ ఒక్కటే. జబ్బుపడ్డవాళ్ళ దగ్గరికి బతికి బయటపడ్డవాళ్ళు వెళ్ళాలన్న మాటలో తప్పు లేదు, ఆ మాటకు ఆమె నిలబడింది కూడా. ఆ తర్వాత ఎవరైనా తమకు ఒకసారి వచ్చిపోయిందని ధీమాగా చెబితే, నేను అడిగే మొదటి ప్రశ్న మారింది: ఇంట్లో నీ పక్కన పడుకునేదెవరు?