రెండుసార్లు లాగి చూసే మనిషి

పక్కింటి అంకుల్ పోయారు. లండన్ పక్కన స్లౌలో తాను పనిచేసే గోడౌన్‌లో పై ప్లాట్‌ఫామ్ మీదనుంచి కింద కాంక్రీటు మీద పడ్డారు. ఆంటీ కేక విని చేతికి పిండితోనే పరుగెత్తాను.

అంకుల్ దేన్నయినా రెండుసార్లు లాగి చూస్తే గాని నమ్మేవారు కాదు. మా పాప పాకే రోజుల్లో మెట్ల పైన చిన్న గేటు బిగించింది ఆయనే.

"గోడతో సహా ఊడొస్తుంది అంకుల్, అంత లాగకండి."

"ఊడితే ఇప్పుడే ఊడనీ అమ్మాయ్, పాప ఆనుకున్నప్పుడు కాదు. ఒకసారి లాగితే మోసం చేస్తుంది, రెండోసారికి నిజం చెబుతుంది."

ఆయన గోడౌన్‌లో, ఫోర్క్‌లిఫ్ట్ కిందనుంచి సరుకు అందించే చోట, ప్లాట్‌ఫామ్ అంచుకు ఒక గేటు ఉంది. దాని గొళ్లెం సరిగ్గా పడేది కాదు. ఇలాంటివి చీటీ మీద రాసి అక్కడి పెట్టెలో వేయాలట. ఇంగ్లీషు రాయడం ఆయనకు కష్టం. షిఫ్ట్ అయ్యాక మా వంటగదిలో కూర్చుని తెలుగులో చెబితే నేను రాసేదాన్ని. బాయిలర్ సర్వీసు, పిల్లల టీకాలు రాసుకునే నా నోటుబుక్కులో ప్రతి చీటీకీ తేదీ వేసి నకలు ఉంచాను. అలా మూడు.

"మళ్లీ ఆ గేటేనా?" అని విసుక్కునేదాన్ని.

"వాళ్లు గేటు మారిస్తే నేను మాట మారుస్తా" అని నవ్వేవారు.

నాలుగోసారి వచ్చినప్పుడు జీపీ డాక్టరు దగ్గరికి బయలుదేరుతున్నాను. పేజీ తీసి తేదీ వేసి, టైమ్ చూసుకుని, "రేపు రాస్తాను అంకుల్" అన్నాను. "అలాగే కానీ, వెళ్లిరా" అన్నారు. మర్నాడు షిఫ్ట్‌లో ఆ గేటు దగ్గరే పడ్డారు.

గేటు గురించి ఎవరూ చెప్పలేదని, ఆయనే మూయడం మరిచిపోయి ఉంటారని కంపెనీ మనిషి ఇంటికొచ్చి అన్నాడు. ఆంటీ నా చెయ్యి పట్టుకున్నారు. "ఆయన మరిచిపోతారా? నువ్వు చెప్పమ్మా."

విచారణకు వచ్చిన ఇన్‌స్పెక్టర్‌కు నోటుబుక్కు ఇచ్చాను. ఆమె మూడు పేజీలూ ఫొటో తీసుకుంది. గోడౌన్‌లో ఆ చీటీల పెట్టె తెరిపిస్తే మూడు చీటీలూ అందులోనే ఉన్నాయట. ఆ తర్వాత 'మరిచిపోయారు' అన్న మాట ఎవరి నోటా రాలేదు.

తేదీ తప్ప ఏమీ లేని నాలుగో పేజీ ఆంటీకి నేనే చూపించాను. ఆవిడ చూసి, పుస్తకం మూసి, లేచి టీ పెట్టారు.

పాప ఇప్పుడు సెకండరీ స్కూల్లో ఉంది. మెట్ల మీది గేటు ఇంకా తీయలేదు. నిన్న పైకి వెళ్లి, గేటు వేసి, ఒకసారి లాగాను. ఒంట్లో ఓపిక లేదు. అయినా ఆగి, రెండోసారి లాగాను. కదల్లేదు.