న గుణింతం

ఎదుటి మనిషి మాట పూర్తయ్యేదాకా ఆగే ఓర్పు నాకు చిన్నప్పటి నుంచీ లేదు. వాళ్లు సగం చెప్పేసరికి మిగతా సగం నేనే చెప్పేస్తాను. "నాకింక నోరెందుకు? ఇద్దరి మాటలూ నువ్వే మాట్లాడతాండావు గదా" అంటాడు మా ఆయన. మా తరగతి గోడ మీద "నిదానమే ప్రధానం" అని రంగులతో రాయించింది నేనే. నా లోపల మాత్రం ఎప్పుడూ "ఆలస్యం అమృతం విషం" అన్న మాటే మోగుతూ ఉంటుంది. అలాంటి నేను పిల్లలకు పట్టుదల నేర్పే బొమ్మల పుస్తకం రాశాను.

మా ఇల్లు ప్రొద్దుటూరులో, ఉద్యోగం జమ్మలమడుగులో. ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతులు నావి. ఒక ఏడాది మండలంలోని టీచర్లందరినీ చిన్నపిల్లల కోసం తలా ఒక కథ రాయమన్నారు. ఇచ్చిన అంశం పట్టుదల. నేను కలం పట్టేలోపు చీమను ఇద్దరు, సాలెపురుగును ముగ్గురు రాసేశారు. నాకు నత్త మిగిలింది. హైస్కూలు డ్రాయింగు మాస్టారు బొమ్మలు వేశాడు. ప్రొద్దుటూరు ప్రెస్సులో అచ్చయింది. పన్నెండు పేజీలు. వానకు తడిసిన నాపరాళ్ల గోడ, గోడ అవతల నిమ్మచెట్టు, గోడ కింద నత్త. అది ఎక్కుతుంది, జారుతుంది, మళ్లీ ఎక్కుతుంది. జారిన ప్రతిసారీ ఒకటే పల్లవి. "నత్త నిలిచింది. నత్త నవ్వింది. నత్త నడిచింది."

పిల్లలకు పట్టుదలా వస్తుంది, న గుణింతమూ వస్తుంది, పుణ్యమూ పురుషార్థమూ అనుకున్నాను. ఆ నకారాలన్నీ ఏరి పేర్చడానికి నాకు నాలుగు ఆదివారాలు పట్టింది. చదివి వినిపిస్తే మా ఆయన కూడా బాగుందన్నాడు.

పుస్తకాలు ఇంకా ప్రెస్సులో ఉండగానే, దసరా సెలవులైన వారానికి, రెండో తరగతిలో ఒక పిల్ల చేరింది. పులివెందులలో ఏదో ప్రైవేటు బడి మాన్పించి తీసుకొచ్చింది వాళ్లమ్మ. జమ్మలమడుగులో పుట్టింట్లో ఉంటూ జాకెట్లు కుడుతుందట. మెడలో కొలతల టేపు తీయడం మరిచిపోయి అలాగే బడికి వచ్చింది.

"మాట కొంచెం తట్టుకుంటాది టీచరమ్మా" అంది. "ఆడ ఒగ దినం క్లాసు క్లాసంతా నవ్వినారంట. ఆ పొద్దు నుంచి ఆర్నెల్లు నోరు తెరవలే. ఇంట్లో నాతో గూడా సైగలే. ఇప్పుడిప్పుడే మాట్లాడతాండాది. మళ్లీ ఎవురన్నా నవ్వితే..."

"మళ్లీ మూగదైపోతుందంటావు, అంతే కదా" అన్నాను. ఆ మాట కన్నతల్లి తన నోటితో అనలేక ఆగింది. నేను ఆగలేదు. ఆమె తల ఊపి, పిల్ల జడ సర్ది వెళ్లిపోయింది.

పిల్ల మాట్లాడేది, కానీ తక్కువ. దాహమేస్తే మిగతా పిల్లలంతా "టీచర్, నీళ్లు" అని అరుస్తారు. ఈ పిల్ల దగ్గరికొచ్చి "దప్పికైతాంది" అనేది. ఎంత చక్కటి మాట అని మురిసిపోయాను. ఈ పలక ఎవరిదని అడిగితే గుండె మీద చెయ్యి పెట్టుకునేది. ఒక రోజు మీ నాయన ఏం పని చేస్తాడని అడిగాను. ఒక్క క్షణం ఆలోచించి "మా యమ్మ మొగుడు లారీ తోల్తాడు" అంది. క్లాసు మొత్తంలో ముందు నవ్వింది నేనే. ఆ తర్వాతే పిల్లలు నవ్వారు. ఆ నవ్వు మాట తట్టుకున్నందుకు కాదు కాబట్టో ఏమో, పిల్ల మాట్లాడడం మానలేదు. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పుస్తకాలు వచ్చిన వారంలోనే తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. ఒక్కో తరగతి నుంచి ఒక్కో పిల్ల కొత్త పుస్తకం చదవాలి. నేను ఆ పిల్లనే ఎంచుకున్నాను. మాట తట్టుకునే పిల్ల, పట్టుదల పుస్తకం, అందరి ముందు చదవడం. చప్పట్లు మోగుతాయి, అందులో కొన్ని రాసిన నాకూ వస్తాయి కదా అని లోపల ఆశ. సంగతి తెలిసి వాళ్లమ్మ పరుగున వచ్చింది.

"వద్దు టీచరమ్మా. అంత మందిలోనా?"

"ఇప్పుడు పట్టుదల నేర్పకపోతే ఇంకెప్పుడమ్మా? నత్త కూడా గోడ ఎక్కింది" అన్నాను. ఆ మాట నాకే చాలా నచ్చింది. పిల్ల మా ఇద్దరి మధ్య నిలబడి, పుస్తకం అట్ట మీద నత్త కొమ్ములను వేలితో తడుముతూ ఉంది.

సమావేశం ఇంకా రెండు రోజులుందనగా, క్లాసులో ఒకసారి చదవమన్నాను. లేచి నిలబడింది. "న..." అని ఆగింది. పెదవులు బిగుసుకున్నాయి, మెడ నరం లేచింది, కళ్లు గట్టిగా మూసుకుంది. నా వల్ల కాలేదు. "నత్త" అని అందించాను. మళ్లీ "ని..." అంది. "నిలిచింది" అన్నాను. అలా సగం పేజీ నేనే చదివాను. మూడో వరసలోంచి ఒక పిల్లోడు పక్కవాడికి చెప్పాడు, అందరికీ వినపడేటట్టు.

"నత్త గాదురా, నత్తి!"

ఐదారుగురు కిసుక్కుమన్నారు. వాడి చెవి పట్టుకుని గోడ దగ్గర నిలబెట్టాను. ఏం లాభం? నేను రాసిన మాటకు వాడు గుడి పెట్టాడు, అంతే. నాలుగు ఆదివారాలు కూర్చుని రాసినదాన్ని, నత్తకూ నత్తికీ మధ్య ఒక్క గుడే అడ్డమని నాకు తట్టలేదు. పిల్ల కూర్చుంది. సాయంత్రం బడి విడిచేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. దప్పికని కూడా అనలేదు.

ప్రొద్దుటూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నా పుస్తకం తెరిచాను. నత్త, నాపరాయి, నిమ్మచెట్టు, నిలిచింది, నవ్వింది, నడిచింది. అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నీళ్లు అనలేక దప్పిక అంది. నాది అనలేక గుండె మీద చెయ్యి పెట్టుకుంది. నాయన అనలేక అమ్మ మొగుడంది. "నేను" అన్న మాట ఆ నోట ఒక్కసారీ వినలేదు. ఏ అక్షరం కనపడకుండా ఆ పిల్ల సందులు గొందులు తిరిగి పోతోందో, ఆ అక్షరాన్నే ఏరి ఏరి పేజీ పేజీకీ పేర్చి చేతికిచ్చాను. బస్సులో అందరి మధ్యా కళ్లనీళ్లు వచ్చాయి. కోపం కూడా వచ్చింది, నా మీద నాకే.

మర్నాడు పిల్ల బడికి వచ్చింది, కానీ నోరు విప్పలేదు. ఆర్నెల్లు అన్న మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. ఇంటర్వెల్లులో దగ్గరికి పిలిచి, "నువ్వు చదవద్దులేమ్మా, ఇంకొకరితో చదివిస్తాను, పుస్తకం ఇటివ్వు" అన్నాను. ఇవ్వలేదు. రెండు చేతులతో ఎదకు అదుముకుంది. ఇంకోసారి అడిగాను. ఒక అడుగు వెనక్కి వేసింది.

మధ్యాహ్నం వాళ్లమ్మే వచ్చింది.

"ఇంట్లో మిషను పక్కన గోడ తట్టు తిరుక్కోని చదువుతాండాది టీచరమ్మా. నత్త అనేలోపల నాకు జాకెట్టుకు ఒగ చెయ్యి కుట్టడం అయిపోతాది. ఐనా ఇడ్సిపెట్టదే. మొదట వద్దన్నది నేను. ఇప్పుడు మీరు వద్దంటాండారు. అది మాత్రం వద్దనడంల్యా. మొండిది, ఏం జేసేది?"

"మరి నవ్వితే?"

"నవ్వితే మళ్లీ పాత కథే. ఈసారి యాడికి తీసకపోవల్లనో నాకు తెలీదు టీచరమ్మా."

పుస్తకంలో ఉన్నంతసేపూ దాని పేరు పట్టుదల. పిల్లలో కనపడగానే ఆ పేరు మార్చి మొండితనం అంటాం. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు, రెండో తరగతి టీచరెంత? సరేనన్నాను.

సమావేశం రోజు వరండా ముందు షామియానా వేశారు. తల్లులు ముందు కుర్చీల్లో, తాతలూ అవ్వలూ వెనక బెంచీల మీద, పిల్లలు కింద పట్టాల మీద. ఆ మూడో వరస పిల్లోడు నా కళ్లకు ఎదురుగానే కూర్చున్నాడు. మా పిల్ల వంతు వచ్చింది. మైకు ఇస్తే వద్దని తల ఊపింది. వాళ్లమ్మ చివరి బెంచీ పక్కన నిలబడే ఉంది, కూర్చోలేదు.

"న..."

అంతే. ఇంకేమీ రాలేదు. భోజనాల షెడ్డులో పప్పు తాలింపు చిటపటలు వినపడుతున్నాయి. ఎవరిదో ఫోను మోగింది, ఆగింది. పిల్ల కుడి పాదం నేలకేసి నొక్కుతోంది, గౌను అంచు గుప్పిట్లో నలిపేస్తోంది. నేను కొంగు చివర నోటికి అడ్డం పెట్టుకున్నాను. అక్షరం నా నాలుక చివర సిద్ధంగా ఉంది. మింగాను.

"...నత్త."

వచ్చింది. మళ్లీ నిలిచిపోయింది, మళ్లీ వచ్చింది. ఒక పేజీ అయింది, రెండు అయ్యాయి, మూడో పేజీ తిప్పింది. నాలుగో పేజీలో నత్త నాపరాళ్ల గోడ మీద నాలుగు బెత్తెలు ఎక్కుతుంది. "నా" దగ్గర పూర్తిగా నిలిచిపోయింది. వెనక నుంచి ఒక తాత "ఏందప్పా ఇది, తొందరగా చెప్పమ్మా" అన్నాడు. "అయ్యో పాపం" అని ఇంకెవరో అన్నారు. ఆ పాపం అన్న మాట నవ్వు కన్నా ఘోరంగా తగిలింది. ఎదురుగా పిల్లోడి మూతి ఓ పక్కకు సాగడం మొదలైంది. ఇంక రెండు క్షణాలు ఆగితే అందరూ నవ్వేస్తారనిపించింది. నా నోరు నా మాట వినలేదు.

"నాపరాళ్ల" అన్నాను, గట్టిగా.

ముందు వరసలో కిసుక్కుమన్నారు. పిల్ల నోరు మూసుకుంది. పుస్తకం కూడా మూసింది. చివర నిలబడిన తల్లి రెండడుగులు ముందుకు వేసి ఆగిపోయింది. అయిపోయింది, నా చేతులారా నేనే చేశాను అనుకున్నాను. లేచి వెళ్లి పిల్లను దగ్గరికి తీసుకుందామనుకుంటే లేవలేకపోయాను.

పిల్ల నా వైపు తిరిగింది. ఏడవడం లేదు. చూపులో కోపముంది, అచ్చం నా కోపం లాంటిదే.

"టీచర్" అంది. "నే..."

పుస్తకమే చదువుతోందనుకున్నాను. కాదు. ఆ పేజీలో "నే" లేదు, రాసినదాన్ని కాబట్టి నాకు తెలుసు.

"నే... నే..." మెడ నరం లేచింది. కళ్లు మాత్రం ఈసారి మూసుకోలేదు, నా మీదే పెట్టింది. "...నేనే చదువుతా."

నేను తల ఊపాను. పిల్ల పుస్తకం తెరిచింది. నాలుగో పేజీ కాదు, మొదటి పేజీ. నేను అందించిన మాటతో కలిపి చదివినదంతా చెల్లదని కాబోలు, మళ్లీ మొదలుపెట్టింది.

ఎంతసేపు పట్టిందో చెప్పలేను. తాలింపు వాసన పోయి అన్నం వాసన వచ్చింది. భోజనాల గంట కొట్టారు, కొందరు లేచి వెళ్లిపోయారు కూడా. నాపరాళ్ల దగ్గర మళ్లీ నిలిచింది, ఈసారి తనే దాటింది. నిమ్మచెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆ మూడో వరస పిల్లోడు నవ్వడం మరిచిపోయి ఆవలించాడు. ఆ ఆవలింత చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. చివరి పేజీలో నత్త గోడ ఎక్కి, నిమ్మాకు నీడలో కూర్చుంది. పిల్ల పుస్తకం మూసి, చప్పట్ల కోసం నిలబడకుండా నేరుగా నా దగ్గరికి వచ్చింది. ముఖమంతా చెమట, పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

వాళ్లమ్మ వెనకే వచ్చి నిలబడింది.

"టీచర్, నీ..." అంది పిల్ల.

సీసా నా చేతిలోనే ఉంది, మూత కూడా తీసే ఉంది. ఏం కావాలో నాకు తెలుసు. పిల్ల దప్పిక అనేస్తే అప్పుడే అయిపోయేది. అనలేదు. కళ్లెదురుగా ఎండిన పెదవులు, చేతిలో నీళ్లు పెట్టుకుని ఊరికే నిలబడడం నా జన్మలో చేసిన అన్నిటికన్నా కష్టమైన పని.

"...నీళ్లు" అంది.

అప్పుడిచ్చాను.