తూము ఉన్న సముద్రం

ఆ రోజుల్లో మా ఉదయగిరి మెట్టలో ఆడపిల్ల బడికి పోతే బర్రెలు అలుగుతాయని పెద్దలకు గట్టి నమ్మకం. బర్రెల మనసు కష్టపెట్టలేక నేను అక్షరాల జోలికి పోలేదు. అరవై దాటాక మనవరాలి పక్కన కూర్చుని నేర్చుకున్నాను. అందాకా ఈ కథ చెప్పే హక్కంతా మా అక్క మొగుడిదే. ఆయన చెప్పే కథలో నేను ఉండను.

బావది ఆత్మకూరు. లారీల వెనక తామరపువ్వులు వేసే మహా చిత్రకారుడు. మా చర్చిలో ప్రసంగపీఠం వెనక గోడమీద సముద్రతీరం వెయ్యమన్నారు. రంగులు కలిపేది నేను. (సముద్రాన్ని ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు. మా ముందున్న క్యాలెండరు బొమ్మ వేసినాయన చూసుంటాడని ఇద్దరికీ నమ్మకం.) బావ బ్రష్ పట్టుకున్నంతసేపూ నాకు పాఠమే.

"అల అంటే ఆశ, మే. ఒడ్డు అంటే ఓర్పు. పడవ అంటే ఆత్మ."

"మరి ఆ కొంగ, బావా?"

"తెల్లరంగు కారింది. కొంగను చేసినా."

ఆదివారం నెల్లూరు నుంచి పాస్టరు అయ్యగారు వచ్చి బొమ్మను ప్రతిష్ఠించాలి. శనివారం మధ్యాహ్నం సంఘం పెద్ద వచ్చి, కొనబోయే చేనును చూసినట్టు గోడను చూశాడు.

"ఇన్ని నీళ్లకు కట్ట ఏదిరా?"

"సముద్రానికి కట్ట ఉండదు పెద్దయ్యా. అది అనంతానికి గుర్తు."

"గుర్తు సంగతి తర్వాత. కట్ట లేకుంటే నీళ్లు నిలబడతాయా? తూము లేకుంటే చేలకు ఎట్టా పోతాయి? పొద్దుగూకేలోపల రెండూ రాకపోతే సున్నం కొట్టిస్తా."

నెలనాళ్ల పని సున్నం పాలవుతుందనేసరికి బావ మొహం సున్నం కన్నా ముందే తెల్లబడింది. అనంతానికి కట్ట పోశాడు. తూము పెట్టాడు. కట్టమీద ఒక తుమ్మచెట్టు కూడా ఉంటే బాగుంటుందన్నాను. కసిరాడు.

అయ్యగారిది సముద్రం పక్కనే ఊరు. ఆదివారం పీఠమెక్కి గోడవైపు తిరిగినాయన ఎంతకీ ఇటు తిరగలేదు. బావ గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నాడు. చివరికి అయ్యగారు గొంతు సవరించుకుని, "ఈ తూము దేవుని కృపకు గుర్తు. అంతులేని నీళ్లను మన చేలదాకా తెచ్చేది అదే" అన్నారు. సంఘం పెద్ద అన్న "ఆమెన్"కు కిటికీలు అదిరాయి.

"కృప అనుకునే పెట్టినా మే!" అన్నాడు బావ బయటికొచ్చి. ఇప్పటికీ అంటాడు. ఆ సాయంత్రమే బొమ్మ మూలన పడవ కన్నా పెద్దగా తన పేరు రాసుకున్నాడు.

ఇప్పుడు నా పేరు నేనూ రాయగలను. మైపాడు పోయి సముద్రాన్నీ చూసొచ్చాను (పాపం, కట్ట లేదు). అయినా ఆ గోడమీద పేరు లేదన్న దిగులు నాకు లేదు. బావ పేరు రాసుకున్న మరుసటి రోజు పొద్దున చర్చి ఊడ్చే వంకతో పోయి, బ్రష్ దొరక్క చూపుడువేలితోనే, మిగిలిన పచ్చరంగంతా తూము కింద వరిమడిగా నాటి వచ్చాను.