పదహారో అచ్చు

పెద్దరాములు తాత చేతిలో ఉలి పడితే టేకు కూడా మాట వినేది. బొంతపల్లి చుట్టుపక్కల ఎన్ని దర్వాజలకు పూలూ చిలకలూ చెక్కాడో ఆయనకే గుర్తులేదు. రెడీమేడ్ తలుపులొచ్చి ఆ పని పోయింది. పాశమైలారంలో మందుల కంపెనీలకు చెక్కపెట్టెలు కొడుతుంటే మా సారు చూసి, కిష్టారెడ్డిపేటలో తాను నడిపే అచ్చుకళ బడికి, చెక్క మీద బొమ్మ చెక్కి కాగితం మీద ఒత్తడం నేర్పే చోటికి, తెచ్చుకున్నాడు, జీతగాడిగా. అక్కడ చదివే మాకు ఉలి పట్టడం నేర్పింది మాత్రం తాతే, సారు కాదు. ఈ మాట ఎక్కడైనా చెబుతాను.

"గట్ల పొడవకు బిడ్డా, జెర మెల్లగ. చెక్కకు గూడ నొస్తది" అనేవాడు.

ఒకరోజు మాకు చూపించడానికని భార్య ముత్యమ్మ ముఖం చెక్కాడు. ఆమె పోయి ఆరేళ్లు. ఇంట్లో ఒక్క ఫోటో లేదు. సిరా పూసి, కాగితం ఒత్తి పైకి ఎత్తగానే "ఇగో, వచ్చింది" అని అందరి ముందూ ఏడ్చేశాడు.

సారు ఆ చెక్కతో పదిహేను అచ్చులు తీయించి, అన్నిటి కిందా తన సంతకం పెట్టుకున్నాడు. హైదరాబాద్ ప్రదర్శనలో అన్నీ అమ్ముడుపోయాయి. తాత పేరు అడగలేదు, పైసలు అడగలేదు. చెక్క అడిగాడు.

"అదొక్కటి ఇయ్యుండ్రి సారూ. ఇంట్ల పెట్టుకుంట."

"కుదరదు రాములూ. పదిహేనే అని కొన్నవాళ్లకు రాసిచ్చాం. చెక్కను కొట్టెయ్యాలి, అది రూల్."

నిజమే, ఈ కళలో ఆ ఆచారం ఉంది. అనుకున్నన్ని అచ్చులు తీశాక, ఇంకెవరూ తీయకుండా చెక్క మీద అడ్డంగా గీత కొట్టేస్తారు. కానీ ఆ ముఖం ఎవరిది, రూల్ ఎవరిది? సిగ్గుండాలి! నాకు ఒళ్లు మండింది. మండి ఏం లాభం? ఆ నెలలోనే నా సర్టిఫికెట్ మీద ఆయన సంతకం పడాలి.

"నువ్వు కొట్టు భవానీ" అని సారు ఉలి నా చేతికే ఇచ్చాడు. ఉలి చెక్కకు ఆనించాను.

"నీ చెయ్యి నిలుస్తలేదు బిడ్డా. ఇటు తే, నేను కొడ్త" అని తాత ఉలి తీసుకున్నాడు.

చెంప మీంచి గదుమ దాకా ఒకటే గీత. చెక్కను కొట్టేసినట్టు రుజువుకు ఇంకో అచ్చు తీయాలి, పదహారోది. తీశాం. సారు దాన్ని ఫోటో తీసుకుని, "దీనికి విలువుండదు, తీసుకో" అని తాతకు ఇచ్చాడు. చెక్కను బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు.

మొన్న బొంతపల్లి వెళితే తాత ఇంటి గోడకు ఆ పదహారో అచ్చే ఉంది, నుదుట కుంకుమబొట్టుతో. నేను తలెత్తలేకపోయాను. తాతే అన్నాడు:

"కండ్లు తప్పిచ్చి కొట్టిన బిడ్డా. నువ్వు కొడ్తే కండ్లు పోతుండె."