మద్దమ్మ నొక్కని గొంతు

రాయకోటలో గొంతు నొక్కించుకోవడానికి జనం వరసలో కూర్చుంటారంటే మీరు నవ్వుతారు. మంగళవారం, శుక్రవారం మద్దమ్మ వాకిట్లో ఇప్పటికీ అదే వరస. టాన్సిల్స్ వాచిన పిల్లలను తల్లులు పట్టుకొస్తారు. ఆమె బొటనవేలికి ఉప్పూ మిరియాల పొడీ అద్దుకుని వాపు మీద నొక్కుతుంది. పిల్లల ఏడుపు వీధి చివరిదాకా వినిపిస్తుంది.

నా పేరు పిల్లప్ప. టమోటా మండీలో ధరలు అరుస్తూ వేలం వేస్తాను. నా గొంతే నాకు అన్నం పెడుతుంది. రెండేళ్ల కిందట అందులో కుడిపక్క ఏదో అడ్డం పడినట్టయింది. నొప్పి లేదు. అరిచి అరిచి వాచిందనుకుని నెలన్నర ఉప్పునీళ్లు పుక్కిలించాను. ఆసుపత్రికి పొమ్మని నా భార్య మునెమ్మ ఒకటే పోరు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడుతుందని సాకు చెప్పేవాణ్ణి. చివరికి ఆమె పోరు పడలేక మద్దమ్మ దగ్గరికి పోయాను.

మద్దమ్మ టార్చి వేసి చూసింది. వేలు పెట్టబోయి వెనక్కి తీసుకుంది. దవడ కింద తడిమింది.

"రెండు పక్కలా వాచి నొప్పి పుడితే నా పనప్పా. ఇది ఒక పక్కే ఉండాది, నొప్పి లేదంటావు. నేను ముట్టను. హోసూరుకు పో."

"ఇంతదాకా వచ్చినాను. ఒక్కసారి నొక్కవ్వా."

"నొక్కనంటే నొక్కను. రేపు పోకపోతే మండీకొచ్చి నలుగురిలో అడుగుతా."

అన్నంత పనీ చేసే మనిషి. పరువు పోతుందని మరునాడే బస్సెక్కాను.

హోసూరులో గొంతు డాక్టరు తనూజమ్మ ముక్క తీసి పరీక్షకు పంపింది. పది రోజులకు లింఫోమా అని తేలింది. అదీ ఒక క్యాన్సరేనట. 

"నా గొంతు కోసేస్తారా మేడం?"

"కోసే పని లేదప్పా. ఈ రకం ఎక్కించే మందుకే కరుగుతుంది. ఇంకా ముదరక ముందే వచ్చినావు."

మూడు వారాలకొకసారి, ఆరుసార్లు మందు ఎక్కించారు. జుట్టు, మీసం రాలిపోయాయి. నోరు పుండై గంజి మింగడానికి కూడా ఏడ్చాను. మునెమ్మ ఒక్కసారి కూడా "నేను ముందే చెప్పలేదా" అనలేదు. అందుకు ఆమెకు చేతులెత్తి మొక్కాలి. స్కానులో ఏమీ మిగల్లేదని చెప్పిన రోజు ఇద్దరం ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని కరువుతీరా ఏడ్చాం.

ఆ మరుసటి రోజే మద్దమ్మ ఇంటికి పోయాను.

"డాక్టరమ్మ కంటే ముందు నువ్వే కనిపెట్టినావు. ఎట్ల తెలిసిందవ్వా?"

ఆమె తన బొటనవేలు చూసుకుంది.

"మా ఆయనకు ఇట్లే ఒక పక్కే వాచినాది. ఆసుపత్రికి పోతానంటే, ఇంట్లో నేనుండగా యాడికి పోతావని నేనే ఆపినాను. మూడు నెలలు నొక్కినాను. నాలుగో నెల ఆయన లేడు."

 ఆమె కుడిచెయ్యి పట్టుకుని కళ్లకద్దుకున్నాను.