రెండోసారి లేచిన శవాలు

ఎనిమిదో తరగతిలో లెక్కలు నన్ను వదిలేశాయి, నేను బడిని వదిలేశాను. తర్వాత తెనాలిలో ఒక వీడియో షాపులో చేరాను. అద్దెకు అడిగినవాళ్ళ ఇంటికి టీవీ, డెక్కు మోసుకెళ్ళి, క్యాసెట్టు పెట్టి, సినిమా అయ్యేదాకా కాపలా కూర్చోవడం నా ఉద్యోగం. ఇంగ్లీషు సినిమా అయితే జీతం లేని ఇంకో ఉద్యోగం కూడా ఉండేది. తెర మీద వాళ్ళు నోరు తెరిస్తే తెలుగు మాటలు నేను చెప్పేవాణ్ణి. నాకు ఇంగ్లీషు రాదు. చూసేవాళ్ళకీ రాదు. అందుకే ఏనాడూ తేడా రాలేదు.

తొంభైల మొదట్లో, శవాలు లేచి మనుషుల్ని పీక్కుతినే సినిమా ఒకటి వచ్చింది. పాత నలుపు తెలుపు బొమ్మనే రంగుల్లో మళ్ళీ తీశారు. పాతది చూసినవాణ్ణి కాబట్టి కథంతా నాకు కంఠతా వచ్చు. టీవీ, డెక్కు, ఆ క్యాసెట్టు పట్టుకుని రేపల్లె రైలెక్కాను. అక్కడ మా అమ్మ దగ్గర మా అక్క ఉంటోంది.

అక్కని బాపట్ల అవతల సముద్రపొడ్డు ఊరికిచ్చాం. బావ ఒకరోజు వేటకి వెళ్ళాడు. పడవ చెక్కలు ఒడ్డుకొచ్చాయి, ఆయన రాలేదు. రెండేళ్ళు దాటినా అక్క బొట్టు తీయలేదు. శవం దొరకనివాళ్ళకి దర్భలతో బొమ్మ చేసి దహనం చేస్తారు. ఆ పని కానిద్దామని అత్తగారు కబురు మీద కబురు పంపుతోంది. "బతికున్నోడికి నిప్పు పెడతారా?" అని అక్క ఒకటే మాట.

"నువ్వైతే నవ్వించి ఒప్పిస్తావురా," అంది అమ్మ, అంతకుముందు నేను వెళ్ళినప్పుడు. చిన్నప్పుడు దయ్యాల కథ చెబితే మా ఇంట్లో పగలబడి నవ్వేది అక్క ఒక్కతే. అందుకే శవాల్ని వెంటబెట్టుకెళ్ళాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కిటికీలకి దుప్పట్లు కట్టాం. అమ్మ, అక్క, పక్కింటి పిన్నిగారు చాప మీద కూర్చున్నారు. మొదటి శవం తూలుకుంటూ రాగానే నేను అందుకున్నాను.

"ఏవండీ, హోటలు తీసుందాండీ? ఇడ్లీ అయినా పర్లేదండీ!"

పిన్నిగారు కొంగు నోట్లో కుక్కుకుంది. "నీ నోరు పడ! ఆ మొహానికి ఇడ్లీ ఏంట్రా?"

"ఇడ్లీ అయిపోయిందంట పిన్నిగారూ. మనిషున్నాడు, వడ్డించమంటారా అంటున్నాడు హోటలాయన."

అక్క నవ్వింది. అమ్మ నావైపు చూసి తలూపింది, ఇక అడుగు అన్నట్టు.

ఇంతలో పొలాల్లోంచి శవాలు గుంపుగా ఇంటివైపు కదిలాయి. తొందర లేదు, మాట లేదు. నేను నోరు తెరిచేలోపు అక్క "ఆపరా" అంది. డెక్కు ఆపాను. తెర మీద ఒక మొహం గీతలు గీతలుగా వణుకుతూ నిలబడిపోయింది.

"చచ్చిపోయాక ఎందుకు తిరుగుతున్నార్రా?"

"ఆకలక్కా."

ఆ సినిమాకి నేను చెప్పిన మాటల్లో నిజం అదొక్కటే.

"ఇంతమందిలో ఒక్కరికీ పిండం పెట్టే దిక్కు లేకపోయిందా?"

"వాళ్ళ దేశంలో అవన్నీ ఉండవమ్మా," అంది పిన్నిగారు, మెల్లగా.

"ఇంటోళ్ళనైనా గుర్తుపడతారా?"

పాతదాంట్లో పట్టరు. కానీ హిందీ సినిమా తెలుగులో మళ్ళీ తీస్తే మనవాళ్ళు ఆఖర్న ఏదో ఒకటి మారుస్తారు కదా, వీళ్ళూ మార్చుంటారేమో అనిపించింది. "చూద్దామక్కా," అని మళ్ళీ పెట్టాను. మార్చలేదు. సొంతవాళ్ళు పేరు పెట్టి పిలుస్తున్నా, ఎవర్నో చూసినట్టు చూసి మీదికొచ్చారు.

అక్క లేచి వంటింట్లోకి వెళ్ళింది. మిగిలిన అన్నంలో చేపల పులుసు కలిపి, ముద్ద చేసి, పెరటి గోడ మీద పెట్టింది. అక్కడే నిలబడింది.

"రెండేళ్ళ నుంచీ ఆకలితోనే తిరుగుతున్నాడేమోరా," అంది, వెనక్కి తిరక్కుండానే. "మా అత్తగారికి చెప్పు. కానిమ్మను."

వచ్చిన పని అయింది. అవకపోయుంటే బాగుండుననిపించింది.

బావ వాళ్ళ వాకిట్లో పంతులుగారు దర్భల బొమ్మ కట్టారు. దానికి బావ చొక్కా తొడిగే పని నాకప్పగించారు. గడ్డి చేతులు చొక్కా చేతుల్లో సగం దాకే వచ్చాయి. సముద్రం మీది గాలికి మిగతా సగం ఉబ్బి, లేచి, మా వైపు చాచుకుంటోంది. చుట్టూ జనం నా నోటివైపు చూస్తున్నారు, ఏదో ఒకటి అంటాను కదా అని. నేను గుండీలు పెట్టుకుంటూ పోయాను.

అక్క వచ్చి పక్కన కూర్చుంది. ఆ రెండు చేతులూ పట్టుకుని, బొమ్మ పొట్ట మీదికి మడిచి, అరచేత్తో అదిమిపెట్టింది.

"ఇంక పడుకోండి," అంది.